కిటికీ వైపు, గోడ వైపు

“బస్సు పోయిందానే?”

“పోయింది. తియ్యిండ్రి.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. రాయి కోడలా, ముందు ఇవే రాయి. ఆఖరి మాటలంటే అందరికీ ఏవో పెద్దవి ఉంటాయేమో, మాకు బస్సు సంగతే.

రాంగోపాల్‌పేట్‌లో మా స్టూడియో మేడ మీద ఉంటుంది. కింద ఫ్యాన్లు, మోటార్లు అమ్మే దుకాణం, దాని ముందు బస్సులు తిరిగే రోడ్డు. బస్సు పోయినప్పుడల్లా మా గచ్చు సన్నగా వణుకుతుంది. కాళ్లకు తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. మేము తీసేవి నగల ఫోటోలు. పెళ్లిళ్లవీ పుట్టినరోజులవీ కాదు, నగలవి మాత్రమే. కందిగింజంత కెంపును అరచేయంత చేసి చూపించాలి. అంత దగ్గరికి పోయి తీస్తున్నప్పుడు గచ్చు వణికితే కెంపు రాదు, ఎర్రటి మసక వస్తుంది. అందుకని నేను నగను సర్ది, కిటికీ దగ్గరికి పోయి రోడ్డు చూసేదాన్ని. ఆయన కెమెరాలో కన్నుపెట్టి అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. ఆ రోజు కూడా అంతే. ఒక జుంకాల జత. నేను పోయింది అన్నాను, ఆయన నొక్కాడు, టక్కుమంది. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. నేను రెండో జుంకా తుడుస్తున్నాను. తుడిచి తిరిగి చూసేసరికి గోడకు తల ఆనించి ఉన్నాడు. పని మధ్యలో ఈ నిద్ర ఏంటని కసిరాను కూడా. అంతే.

ముక్కు చీదకు. ఇది ఆయన చావు గురించి కాదు, కెమెరా గురించి. నువ్వు అడిగిందీ అదే కదా. మొన్నటిదాకా నేను ఎందుకంత కాలుగాలిన పిల్లిలా తిరిగానో చెప్పమన్నావు. చెబుతున్నాను, రాసుకో.

ఆయన పోయాక కెమెరా నేను పట్టుకున్నాను. వేరే దారి లేక కాదు, చేతులు ఊరుకోక. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడం వస్తుంది, ఇంగ్లీషు రాదు. కెమెరాలో ఉన్నదంతా ఇంగ్లీషే. అయినా ఆయన పక్కన అన్నేళ్లు నిలబడి చూసిందాన్ని. ఏ చక్రం ఎటు తిప్పితే తెర మీద ఏ బొమ్మ వస్తుందో, ఏ బొమ్మ దగ్గర ఆగాలో వేళ్లకు తెలుసు. అన్నిటికంటే ముఖ్యం లెన్సు మీద ఉండే రింగు. మా లెన్సులో రింగును కిటికీ వైపు తిప్పితే చూపు దగ్గరికి వస్తుంది, గోడ వైపు తిప్పితే దూరం పోతుంది. మా గదిలో కుడీ ఎడమా లేవు. కిటికీ వైపు, గోడ వైపు, అంతే. ఆయన కూడా అట్లాగే అనేవాడు.

నగను అంత దగ్గరి నుంచి తీస్తే ఒక్క ఫోటోలో అంతా స్పష్టంగా రాదు. ముందున్న ముత్యం బాగుంటే వెనకున్న ముత్యం మసక. అందుకని ముందు నుంచి వెనక్కి, రింగును కొంచెం కొంచెం గోడ వైపు తిప్పుతూ ఒకే నగను చాలా ఫోటోలు తీయాలి. తర్వాత కంప్యూటర్లో వాటన్నిటిలో మంచి భాగాలు తీసుకుని ఒకటిగా అతకాలి. అతికే పని నీది. బొల్లారంలోని మా అన్న ఇంటి నుంచి బస్సులో వచ్చి, ఆఫీసు లేని రోజుల్లో నా పక్కన కూర్చుని అతుకుతావు. నీ గురించి నేను ఎక్కువ పొగడను, నువ్వే రాస్తున్నావు కాబట్టి.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మాకు పని ఇచ్చేది మోండా మార్కెట్ దగ్గరి ఒక నగల దుకాణం. ఆ సేటు మా ఆయనకు స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. నగలు స్టీలు టిఫిను డబ్బాలో వస్తాయి, చూసినవాళ్లు అన్నం తీసుకుపోతున్నారు అనుకోవాలని. దుకాణంలో ఎప్పటినుంచో ఉన్న ముసలాయన ఒకరు ఆ డబ్బా మోసుకొస్తాడు. పై గిన్నెలో గొలుసులు, మధ్య గిన్నెలో జుంకాలు, గాజులు, అడుగు గిన్నెలో ఎర్ర గుడ్డలో చుట్టి పుస్తెలు, నల్లపూసలు. ఆయన ఉన్నప్పుడు ఎప్పుడూ అంతే. ఆ పుస్తెలు నా చేతులతోనే పెట్టేదాన్ని. పళ్లెంలో బియ్యం పోసి, మీద నల్లగుడ్డ పరిచి, ఇంత మైనం అంటించి నిలబెట్టేదాన్ని. పుస్తె ఉబ్బుగా ఉంటుంది కదా, అద్దం లాంటిది, ఎదురుగా ఎవరున్నా అందులో కనబడతారు. మా మొహాలు పడకుండా తెల్లకాగితానికి బొక్క చేసి అందులోంచి తీసేవాళ్లం. నగలో మేము కనబడకపోవడమే మా పని.

ఆయన పోయి, కర్మలన్నీ అయ్యాక మొదటిసారి డబ్బా వచ్చింది. అడుగు గిన్నె ఖాళీ. మరిచిపోయారేమో అనుకున్నాను. రెండోసారీ ఖాళీయే. మూడోసారికి డబ్బాకు రెండు గిన్నెలే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. డబ్బా తేలికయింది, అంతే. మొగుడు పోయిన ఆడదాని చేతి మీదుగా పుస్తెలు పోకూడదు కదా. నేనూ అడగలేదు. అవి అమీర్‌పేట దిక్కు ఇంకో స్టూడియోకు పోతున్నాయని ఆ ముసలాయనే మెట్లు దిగుతూ చెప్పాడు, నా మొహం చూడకుండా.

అట్లా కొన్నాళ్లు నడిచింది. తర్వాత మా కెమెరా ముసలిదయింది. నొక్కితే ఒకసారి టక్కుమనేది, ఇంకోసారి మూలిగేది. బాగుచేసేవాడు విప్పి చూసి, లోపల అరిగిపోయిందనీ, ఈ మోడల్‌కు సామాను రావడం లేదనీ చెప్పాడు. కొత్తది కొనక తప్పదు. సరే, అదే కంపెనీది కొందామని నేను అనుకుంటూ ఉండగా సేటు కబురు పెట్టాడు.

దుకాణానికి పోయాను. సేటు పెళ్లిళ్ల సీజన్‌కు వేసిన నగల ఫోటోల పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. ఎడమ పేజీలో అమీర్‌పేటలో తీసిన పుస్తెలు, కుడి పేజీలో నేను తీసిన గుట్టపూసల హారం.

“వదినా, జెర చూడు. రెండూ మన దుకాణం బంగారమే. ఒక తీరుగ కనవడ్తున్నదా?”

చూశాను. కనబడలేదు. నాది పసుపుగా ఉంది, అది కొంచెం రాగి కలిసినట్టుగా ఉంది.

“గిరాకీ అడుగుతున్నరు. ఇది వేరే బంగారమా, అది వేరే బంగారమా అని. పరేషాన్ అయితున్న. ఆ స్టూడియోళ్లది ఎర్ర అక్షరాల కెమెరా అంట. నువ్వు ఎట్లాగో కొత్తది కొంటున్నవు కదా, గదే కొను. రంగు కలుస్తది. సీజన్ పుస్తకం మళ్ల ఏస్తున్న. రంగు కలవకుంటే మొత్తం పని ఒక్క దిక్కే ఇయ్యాలె. నాకు తక్లీఫ్ అయితది, ఏమనుకోకు.”

మా కెమెరా మెడలో వేసుకునే పట్టీ మీద పసుపు అక్షరాలు ఉంటాయి. వాళ్ల పట్టీ మీద ఎర్ర అక్షరాలు. కంపెనీ పేర్లు నేను పలకలేను, అందరూ నవ్వుతారు. నాకు పసుపుది, ఎర్రది, అంతే. సేటు చెప్పింది నాకు బాగా అర్థమయింది. ఎర్రదానికి మారాలి, లేకపోతే నా డబ్బాలో మిగిలిన రెండు గిన్నెలు కూడా అమీర్‌పేట పోతాయి.

అక్కడి నుంచి మొదలయింది నా తిరుగుడు. ఇంట్లో కూర్చోలేను. స్టూడియోలో కిటికీ దగ్గరి నుంచి గోడ దాకా, గోడ నుంచి కిటికీ దాకా. కూరగాయలకని మార్కెట్‌కు పోయి ఖాళీ సంచితో తిరిగి వచ్చాను. కోఠి బస్సెక్కి మధ్యలో దిగి, వెనక్కి వచ్చే బస్సు ఎక్కాను. పొయ్యి మీద చాయ్ పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చాను. నువ్వే అన్నావు ఆ రోజు, గుర్తుందా?

“అత్తా, కంపెనీ మారుడంటే ఇంటిపేరు మారినట్టు చేస్తున్నవ్ ఏంది?”

“ఇంటిపేరు ఒకసారి మార్చుకున్న. సాలు.”

“మరి మార్చకు. ఒక్క దిక్కు ఉండు. నాకు చూస్తుంటేనే తల తిరిగి చక్కరొస్తున్నది.”

చివరికి ఇద్దరం కలిసి కోఠి పోయాం. కెమెరాల దుకాణంలో అద్దాల బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తున్నాను.

“పట్టుకోని చూడుండ్రి అమ్మా. పట్టుకుంటే పైసలు గుంజం” అన్నాడు దుకాణమాయన.

ఎర్రది పట్టుకున్నాను. చెప్పకూడదు గానీ బాగుంది. చేతిలో చక్కగా కూర్చుంది. పసుపుదాని కంటే తేలిక. ఇంకో గొప్ప ఉంది దానికి. ముందు ముత్యం దగ్గర మొదలుపెట్టి ఒక్కసారి నొక్కితే, అదే ముందు నుంచి వెనక్కి పోతూ అన్ని ఫోటోలూ తీస్తుంది. మధ్యలో రింగు తిప్పే పనే లేదు. పసుపు కంపెనీ కొత్తదాంట్లోనూ ఆ పని ఉందట గానీ మా పాత లెన్సు పెడితే చెయ్యదట. మధ్యలో చేతి గాజులాంటి ఒక చుట్టు వేసి మా లెన్సును కొత్తదానికి తగిలించవచ్చు, రింగు మాత్రం చేత్తోనే తిప్పుకోవాలి. అదే ఎర్రది తీసుకుంటే మా లెన్సు దానికి పనికిరాదు, అమ్మేయాలి.

నీ మొహం వెలిగిపోయింది. ఒప్పుకో. నేను చేత్తో తిప్పేటప్పుడు ఒక్కోసారి ఎక్కువ తిప్పితే మధ్యలో ఒక ముక్క రాదు, నువ్వు కంప్యూటర్ ముందు తల పట్టుకుంటావు. మిషను తిప్పితే ఆ గొడవ లేదు.

“రెంటుకు తీసుకుందం అత్తా. ఒక్క రోజు. చూస్తే నీకే తెలుస్తది.”

తీసుకున్నాం. సేటుకు చెబితే సంతోషించి ఒక డబ్బా పంపాడు. రెండు గిన్నెలదే. నువ్వు ఆఫీసుకు పోయావు. నేను ఒక్కదాన్నే పొద్దున్నే షురూ చేశాను. ఏ బొమ్మ ఎక్కడుందో నువ్వు పెట్టి పోయావు కాబట్టి నేను నొక్కడమే. నగ సర్దడం, ముందు ముత్యం దగ్గర రింగుతో చూపు కుదర్చడం, నొక్కడం. అది టకటకా తనంతట తాను తీసుకుపోతుంటే నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పనిమనిషిని పెట్టుకున్నట్టుంది అనుకున్నాను. ప్రతి నగకూ చివరి ఫోటో తెర మీద చూశాను. నగ వెనక భాగం స్పష్టంగా ఉంది. మా దాంట్లో కూడా చివరి ఫోటోలో వెనక భాగమే స్పష్టంగా ఉంటుంది. సరే అనుకున్నాను. సాయంత్రం ముసలాయన వచ్చి డబ్బా తీసుకుపోయాడు.

నువ్వు ఆఫీసు నుంచి వచ్చి కంప్యూటర్లో వేసి, ఒక్కో నగనూ పెద్దది చేసి, మళ్లీ మొదటికి పోయి చూశావు. నాకు అప్పుడే తెలిసింది ఏదో అయిందని.

“అత్తా, ముందు ముత్యం ఏది?”

“ఎక్కడికి పోతది? ఉంటది చూడు.”

“ఏ ఒక్కదాంట్ల సుత లేదు. అన్నిట్ల ముందుదంత మసకే. రెండో వరుస నుంచి మంచిగున్నది.”

ఎందుకట్లా అయిందో నాకు కొంచెం సేపు అర్థం కాలేదు. కుర్చీలోంచి లేచి, కెమెరా ముందు నిలబడి, మళ్లీ చేసి చూశాను. చేసేటప్పుడు నా చెయ్యిని నేనే దొంగను పట్టినట్టు పట్టుకున్నాను. మా ఆయనకు ఒక అలవాటు ఉండేది. ముందు ముత్యం దగ్గర చూపు కుదిరాక, ఇంకొక వెంట్రుకవాసి కిటికీ వైపు తిప్పేవాడు. నగ కంటే కాస్త ముందు నుంచే మొదలుపెట్టాలని, లేకపోతే మొదటి అంచు తప్పిపోతుందని. ఆ వెంట్రుకవాసి నా చేతికీ వచ్చింది. అడగకుండానే తిప్పుతుంది. ఎర్ర కంపెనీ లెన్సులో రింగు ఉల్టా తిరుగుతుంది. కిటికీ వైపు తిప్పితే దగ్గరికి రాదు, దూరం పోతుంది. నేను ప్రతి నగకూ కుదిర్చిన చూపును నా చేత్తోనే లోపలికి తోశాను. మిషను అక్కడి నుంచి బుద్ధిగా వెనక్కి పోయింది. దాని తప్పేమీ లేదు.

నువ్వు నవ్వావు. నాకు కోపం వచ్చింది.

“నవ్వుతవేందే? నగలు వాపస్ పోయినయి.”

“నెల రోజులల్ల అలవాటయితది అత్తా. నేను స్కూటీ మార్చినప్పుడు గిట్లనే అయింది. చెయ్యే కదా, నేర్సుకుంటది.”

అదే నన్ను ఇంకా కలవరపెట్టింది. నువ్వన్నది నిజం. చెయ్యి నేర్చుకుంటుంది. ఆ వెంట్రుకవాసిని మరిచిపోయి ఇంకోవైపు తిప్పడం నేర్చుకుంటుంది. నేర్చుకోదేమో అన్న భయమైతే సర్దుకునేదాన్ని. నేర్చుకుంటుందనే నాకు భయం వేసింది. ఆ రాత్రి నువ్వు పోయాక నేను తలుపు తాళం వేసి, మళ్లీ తీసి, కెమెరా పట్టీ మెడలో వేసుకుని చూసి, తీసి పెట్టి ఇంటికి పోయాను. ఏం చూసుకోవడానికో నాకే తెలియదు.

తెల్లారి నువ్వు ఇంకో ఉపాయం చెప్పావు. కెమెరా ఏదైనా ఉండనీ, రంగు కంప్యూటర్లో కలుపుతానన్నావు. కూర్చుని కలిపావు కూడా. సేటు పుస్తకంలోని నా హారం బంగారాన్ని ఆ పుస్తెల బంగారంలా చేశావు. బంగారం కలిసింది, కెంపులు చచ్చిపోయాయి. ఎండిన మిరపకాయల్లా అయ్యాయి. కెంపులు బతికిస్తే బంగారం మళ్లీ పసుపయింది. నువ్వు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, ఇది చూడు, అది చూడు అంటున్నావు. నేను చూస్తూ చూస్తూ అడిగాను.

“ఈ పుస్తెలు అక్కడికెందుకు పోతున్నయి?”

నువ్వు తెర వైపు తిరిగావు. నీకూ తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు.

“చెప్పు కోడలా. అక్కడికెందుకు పోతున్నయి?”

“నీకు తెల్వదా అత్తా?”

“తెలుసు. ఎవరన్న ఒకరు నోటితోని అంటే ఇందమని.”

అప్పుడు నాకు తట్టింది. ఇన్నాళ్లూ నేను కెమెరా మార్చాలా వద్దా అని తిరుగుతున్నాను. రంగు కలవనిది రెండు కెమెరాల వల్ల. రెండు కెమెరాలు వచ్చింది పుస్తెలు నా దగ్గరి నుంచి పోయినందువల్ల. పుస్తెలు తిరిగి వస్తే పుస్తకమంతా ఒకే రంగు. దానికి నేను ఏమీ మార్చనక్కర లేదు. మార్చుకోవాల్సింది సేటు.

చెప్పులు వేసుకుని అట్లాగే బయలుదేరాను. నువ్వు వెనక నుంచి “జెర ఆగు, తల దువ్వుకో” అని అరుస్తూనే ఉన్నావు.

దుకాణంలో గిరాకీ ఉంది. సేటు నన్ను చూసి లోపలి గదిలోకి పిలిచాడు. నేను కూర్చోలేదు.

“కొన్నవా వదినా?”

“పసుపుదే కొంటున్న సేటూ. ఎర్రది వద్దు.”

“మరి రంగు?”

“పుస్తెలు పంపు. కలుస్తది.”

ఆయన తల వంచుకుని బల్ల మీది తూకపు పళ్లేన్ని చేత్తో తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

“నేను అనుకుంటలేను వదినా. నీకు తెలుసు కదా నేను ఎసొంటోన్నో. గిరాకీ వాళ్లు...”

“గిరాకీ వాళ్లకు ఫోటోల నా చెయ్యి కనవడ్తదా?”

“కనవడది.”

“నువ్వు చెప్తవా?”

“నేనెందుకు చెప్త?”

“మరి ఎవరు అనుకుంటున్నరు?”

ఆయన మళ్లీ పళ్లెం తుడిచాడు. నాకు గొంతు పెద్దది, అసలే బొంగురు. బయట గిరాకీ వాళ్లు తిరిగి చూస్తున్నారు. తగ్గించలేదు.

“నీ దోస్తు ఉన్ననాడు ఆ పుస్తెలు ఎవరు పెట్టిండ్రు? ఆయన కెమెరాల కన్ను పెట్టెటోడు. ఒక్కనాడు సుత పుస్తె ముట్టలే. నేనే పెట్టిన. ఇప్పుడు ఇచ్చేదుంటే మూడు గిన్నెల డబ్బా పంపు. లేకుంటే ఆ రెండు సుత పంపకు. ఏదన్న ఒకటి చెప్పు, నాకు తిరిగి తిరిగి కాళ్లు పోయినయి.”

“ఆలోచిస్త వదినా” అన్నాడు.

ఆలోచిస్తా అంటే కాదనడమే అని అనుకుంటూ మెట్లు దిగాను. అయినా కోఠి పోయి పసుపుదే కొన్నాం. నువ్వు అడ్డం చెప్పలేదు. పని ఉంటుందో లేదో తెలియకుండా కెమెరా కొన్న ఆడదాన్ని ఆ దుకాణంలో నన్నొక్కదాన్నే చూసి ఉంటారు. ఆ గాజులాంటి చుట్టు వేసి, ఆయన లెన్సు తగిలించి, రింగు కిటికీ వైపు తిప్పాను. దగ్గరికి వచ్చింది.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో నన్ను అడగకు. మెట్ల మీద చప్పుడయితే చాలు, లేచి నిలబడేదాన్ని. ఒకసారి కరెంటు బిల్లువాడు, ఒకసారి కింది దుకాణం కోసం వచ్చి మెట్లు తప్పినవాడు.

చివరికి డబ్బా వచ్చింది. మూడు గిన్నెలది. కానీ తెచ్చింది ముసలాయన కాదు, సేటు చిన్న కోడలు. చిన్న పిల్ల, పట్టుచీర కట్టుకుని, చేతుల నిండా గాజులు వేసుకుని, మెట్లెక్కి ఆయాసపడుతూ నిలబడింది.

“మామయ్య పంపిండు అమ్మా. పుస్తెలు నన్ను పెట్టమన్నడు. మీరు ఫోటో తియ్యాలె అంట.”

సేటు ఆలోచించాడు మరి. నా కెమెరా, ఆయన కోడలి చెయ్యి. సగం వదిలి, సగం పట్టుకున్నాడు. నాకు మెట్ల మీది నుంచి డబ్బా విసిరేయాలనిపించింది. ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను. దాని తప్పేముంది?

“సరే, పెట్టు బిడ్డా” అన్నాను. పళ్లెం, బియ్యం, నల్లగుడ్డ, మైనం ముందు పెట్టి, నేను కెమెరాలో కన్నుపెట్టాను. మొట్టమొదటిసారి నేను ఆయన మాటలు మాట్లాడాను.

“జెర ఇటు. ఇంకొంచెం. ఆగు. పడ్డది. మళ్ల పెట్టు.”

మళ్లీ పెట్టింది. ఒకటి నిలబడితే ఇంకొకటి పక్కకు వాలింది. గాజులు గుడ్డకు తగిలి బియ్యం కదిలాయి. నిలబడ్డ పుస్తె మీద వేలిముద్ర పడింది. తుడవబోతే అది మైనంతో సహా ఊడి వచ్చింది. నేను చెబుతూనే ఉన్నాను, ఆ పిల్ల చేస్తూనే ఉంది, దాని నుదుటి మీద చెమట కూడా కెమెరాలో కనబడుతోంది. నాకు కూడా మొదట్లో అంతే, ఆయన ఎన్నిసార్లు విసుక్కున్నాడో.

చాలాసేపటికి అది చేతులు కిందికి వదిలేసి గుసగుసగా అంది.

“మీరే పెట్టుండ్రి అమ్మా. నేను మామయ్యకు చెప్పను. ఒట్టు.”

“చెప్పకుంటే నేను ముట్టను.”

“ఏందమ్మా?”

“చెప్పు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. దొంగతనంగ పెట్టనీకి నేనేం పాపం చెయ్యలే. చెప్పినంక ఆయన వద్దంటే డబ్బా తీస్కపో. నేనేమనుకోను.”

పిల్ల భయపడింది. ఫోను తీసి, నన్ను చూసి, మళ్లీ ఫోను చూసి, చివరికి చేసింది. పెద్దగా వినిపించేట్టు పెట్టమన్నాను, పెట్టింది.

“మామయ్యా, నాతోని అయితలేదు. నిలవడ్తలేవు. అమ్మనే పెడ్తది అంట.”

అటువైపు దుకాణం చప్పుళ్లు వినబడ్డాయి. ఎవరో గొలుసు బరువు అడుగుతున్నారు. సేటు దగ్గాడు. నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. 

“మామయ్యా?”

“ఇన్న. కానియ్యి. అమ్మనే పెట్టుమను.”

అంతే అన్నాడు. పెట్టేశాడు. ఎంతైనా నోటితో అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చాను. పుస్తెలు తుడిచాను. మైనం అంటించి ఒకటి, దాని పక్కన ఇంకొకటి నిలబెట్టాను. నిలబడ్డాయి. తెల్లకాగితం అడ్డం పెట్టి, బొక్కలోంచి చూశాను. బంగారంలో ఎవరూ లేరు. ముందు అంచు దగ్గర చూపు కుదిర్చి, ఇంకొక వెంట్రుకవాసి కిటికీ వైపు తిప్పాను. అప్పుడు గచ్చు వణికింది.

నేను కెమెరాలోంచి కన్ను తీయలేదు. పిల్ల కిటికీ దగ్గరే ఉంది.

“బస్సు పోయిందా బిడ్డా?”

“ఆగుండ్రమ్మా, ఇంకొకటి వస్తున్నది. ఆ... పోయింది. తియ్యిండ్రి.”

నొక్కాను.

ఇది జరిగి ఎక్కువ రోజులు కాలేదు. నువ్వు అతికి పంపావు, రంగు కలిసింది, సేటు ఫోటోలు బాగున్నాయన్నాడు. పుస్తకంలో వేస్తాడో లేదో ఇంకా తెలియదు. అచ్చయి వచ్చేదాకా నమ్మను. వచ్చే డబ్బాకు మూడు గిన్నెలు ఉంటాయో, మళ్లీ రెండే ఉంటాయో. మెట్ల మీద చప్పుడయితే ఇప్పటికీ లేచి నిలబడుతూనే ఉన్నాను. ఇందాక నువ్వు రాస్తుంటే కూడా రెండుసార్లు లేచాను, చూశావు కదా.

సరే, చేతులు నొప్పి పెడుతున్నాయేమో, ఆపు. నేను నీ మీద కోపం చేసింది తీసెయ్యకు, ఉండనీ. సేటు “కానియ్యి” అన్నాడు చూడు, ఆ మాట ఆయన ఎట్లా అన్నాడో అట్లాగే రాశావా, నీ ఆఫీసు మాట ఏదైనా కలిపావా? ఏదీ, మొదటి నుంచి చదువు కోడలా. గట్టిగా చదువు. కిటికీ మూసి చదువు, బస్సు వస్తోంది.